ఆటస్థలమున ఆరోగ్యరక్షణ: అథ్లెటిక్ ట్రైనరు విద్య

వ్యాయామము ఆరోగ్యమునకు మూలమని అందరును ఎరుగుదురు. బాలబాలికలు ఆడవలెననియు, యువజనులు పరుగెత్తవలెననియు పెద్దలును, వైద్యులును ఏనాటి నుండియో ప్రబోధించుచున్నారు. అయితే ఆడువారు అప్పుడప్పుడు పడుదురు. పడినవారికి దెబ్బలు తగులును. దెబ్బ తగిలిన వెంటనే గడచు కొద్ది నిమిషములు మిక్కిలి విలువైనవి. ఆ నిమిషములలో చేయవలసినది చేసిన యెడల ప్రాణము దక్కును, అవయవము నిలుచును. చేయరానిది చేసిన యెడల స్వల్పమైన గాయము సైతము జీవితాంతము బాధించును. వైద్యుడు ఆసుపత్రిలో నుండును. గాయము ఆటస్థలమున తగులును. ఈ రెంటి నడుమ నున్న దూరమును పూడ్చువారెవరు?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక ప్రత్యేక వృత్తియే ఏర్పడినది. ఆ వృత్తిలోనివారిని అథ్లెటిక్ ట్రైనర్లు అందురు. విశ్వవిద్యాలయమున శాస్త్రీయముగా చదివి, పరీక్షయందు ఉత్తీర్ణులై, ధ్రువపత్రమును పొందిన వారే ఈ పేరునకు అర్హులు. ఈ విద్య యెట్టిది, దానిని ఎట్లు అభ్యసింతురు, మన దేశమున దీనికి దగ్గరగా నున్న మార్గము లేవి యను విషయములను తల్లిదండ్రులకును, విద్యార్థులకును, క్రీడాభిమానులకును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పేరును గూర్చిన భ్రమ

మన పట్టణములలో ట్రైనరు అనగానే వ్యాయామశాలలో బరువు లెత్తించు వ్యక్తి స్మరణకు వచ్చును. అథ్లెటిక్ ట్రైనరు అట్టివాడు కాడు. ఆటలోని మెలకువలను నేర్పువాడు కోచ్. దేహబలమును పెంపొందించువాడు వ్యాయామ శిక్షకుడు. అథ్లెటిక్ ట్రైనరు ఆరోగ్య సేవకుడు. వైద్యుని నిర్దేశమునకు లోబడి, క్రీడాకారులకు గాయములు కలుగకుండ చూచుట, కలిగిన గాయమును పరీక్షించి గుర్తించుట, ప్రమాద సమయమున ప్రథమ చికిత్స చేయుట, పిమ్మట తిరిగి ఆడగలుగు వరకు అభ్యాసములు చేయించుట అతని విధులు. రోగి వివరములను వ్రాసి భద్రపరచుటయు, వైద్యునితోను కుటుంబముతోను సంప్రదించుటయు ఈ పనిలోని భాగములే.

ఫిజియోథెరపిస్టునకును ఇతనికిని పోలిక యున్నది, భేదమును ఉన్నది. ఫిజియోథెరపిస్టు పక్షవాతము మొదలు నడుమునొప్పి వరకు అన్ని వయసుల రోగులకును, ఎక్కువగా ఆసుపత్రిలో, చికిత్స చేయును. అథ్లెటిక్ ట్రైనరు ఆటగాండ్ర నడుమనే యుండి, గాయము తగులక ముందును, తగులుచుండగను, తగిలిన పిదపను వారిని కనిపెట్టియుండును. ఆటగాడు నిన్న ఎట్లు పరుగెత్తెనో, నేడు ఎట్లు పరుగెత్తుచున్నాడో ఎరిగినవాడు గనుక చిన్న మార్పునైనను వెంటనే పసిగట్టగలడు.

ఈ వృత్తి పుట్టుక

ఈ వృత్తి వెనుక విషాదములు అనేకము లున్నవి. 1905వ సంవత్సరమున అమెరికా కళాశాలలలో ఫుట్‌బాల్ ఆట మిక్కిలి క్రూరముగా నుండి, అనేకమంది యువకుల ప్రాణములను బలిగొనెను. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ స్వయముగా కళాశాలల ప్రతినిధులను పిలిపించి, ఆటను సంస్కరింపవలసినదని కోరెను. నియమములు మారినవి, కాని ఆటస్థలము ప్రక్కన శిక్షితుడైన ఆరోగ్య సేవకుడు ఉండవలెనను భావము స్థిరపడుటకు ఇంకను చాలకాలము పట్టెను. అప్పటి ట్రైనర్లు అనుభవముచే నేర్చినవారు. కట్లు కట్టుట, మర్దన చేయుట వారి పని. వారికొక నియమిత విద్య లేదు.

1950లో కాన్సాస్ సిటీ నగరమున జాతీయ అథ్లెటిక్ ట్రైనర్ల సంఘము స్థాపితమైనది. 1959లో ఆ సంఘము మొదటి పాఠ్యప్రణాళికను ఆమోదించెను. 1969లో నాలుగు విశ్వవిద్యాలయముల కోర్సులకు గుర్తింపు లభించెను. 1970లో మొదటి ధ్రువీకరణ పరీక్ష జరిగెను. మరుసటి యేట టెక్సాస్ రాష్ట్రము ఈ వృత్తికి లైసెన్సును విధించెను. అట్లు చేసిన రాష్ట్రములలో అదియే మొదటిది. 1990లో అమెరికా వైద్యుల సంఘము దీనిని వైద్యానుబంధ వృత్తిగా గుర్తించెను. 2004 వరకు అనుభవజ్ఞుని వద్ద పనిచేసి పరీక్ష వ్రాయు మార్గము కూడ ఉండెను. ఆ యేటితో అది ముగిసినది. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయమున చదివినవారే పరీక్షకు కూర్చుండవలెనను నియమము స్థిరపడినది.

ఆరంభమున ఇది కేవలము పురుషుల వృత్తిగా నుండెను. 1972లో మొదటిసారిగా ఒక స్త్రీ ధ్రువీకరణ పరీక్షలో ఉత్తీర్ణత పొందెను. నేడు సంఘ సభ్యులలో సగమునకు పైగా స్త్రీలే. మన బాలికలును, వారి తల్లిదండ్రులును ఈ విషయమును గమనింపదగును.

ప్రవేశమునకు పూర్వము

పూర్వము ఈ విద్య బి.ఎ., బి.ఎస్సీ. వంటి మొదటి పట్టముతోనే ముగియుచుండెను. ఆరోగ్య సేవకునకు అంత చదువు చాలదని 2015లో వృత్తిసంస్థలు నిర్ణయించినవి. 2022 తరువాత మొదటి పట్టపు కోర్సులలో క్రొత్తవారిని చేర్చుకొనుట మానివేసిరి. కావున నేడు ఈ వృత్తిలో ప్రవేశించుటకు మాస్టర్స్ పట్టము అవసరము. ఇది సాధారణముగా రెండేండ్ల చదువు.

ఈ చదువునకు పునాది విజ్ఞానశాస్త్రము. జీవశాస్త్రము, రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము, మనస్తత్త్వ శాస్త్రము, శరీర నిర్మాణ శాస్త్రము, శరీర ధర్మ శాస్త్రము అను వానిని విద్యార్థి ముందుగనే కళాశాల స్థాయిలో చదివియుండవలెను. ఎముక ఎట్లు విరుగునో గ్రహించుటకు భౌతిక శాస్త్రము తోడ్పడును. గాయపడి ఆటకు దూరమైన యువకుని దిగులును గ్రహించుటకు మనస్తత్త్వ శాస్త్రము కావలెను. ఆటలయందు ఆసక్తి యున్నంత మాత్రమున ఈ చదువు సాగదు. ఆసక్తి ద్వారము వరకే తీసికొనిపోవును. లోపలికి పోవుటకు శాస్త్రజ్ఞానము వలయును.

తరగతిలో నేర్చునది

ఈ విద్యలోని సారము నాలుగు ఉదాహరణములచే చక్కగా బోధపడును. ఇవి నాలుగును మన ఊళ్ళలోని ఆటస్థలములయందును సంభవించునవే.

మొదటిది చీలమండ బెణుకుట. ఆటలలో ఇంతకంటె సాధారణమైన గాయములు అరుదు. మన కబడ్డీ బరిలోగాని, వాలీబాల్ కోర్టులోగాని ఒకని చీలమండ బెణికినచో చుట్టునున్నవారు కాలిని పట్టి లాగుదురు, నూనె రాచి గట్టిగా మర్దింతురు. ఎముక విరిగియున్న యెడల ఈ మర్దన వలన హాని హెచ్చును. అథ్లెటిక్ ట్రైనరు మొదట ఎముక విరిగినదా, లేక కండరబంధము మాత్రమే సాగినదా యని విచారించును. 1992లో కెనడా దేశపు ఒట్టావా నగర వైద్యులు దీనికొక సులభమైన విధానమును ప్రకటించిరి. చీలమండకు ఇరుప్రక్కల నున్న ఎముకల వెనుక అంచును గాని కొనను గాని తాకినపుడు నొప్పి కలుగుచున్నదా? గాయమైన వెంటనేయు, పరీక్షా సమయమునను రోగి నాలుగడుగులైనను వేయలేకున్నాడా? పాదమున నిర్ణీతమైన మరి రెండు ఎముకలవద్ద నొప్పి యున్నదా? వీనిలో ఏది యున్నను ఎక్స్‌రే తీయవలెను. ఏదియు లేనిచో ఎముక విరిగి యుండుట మిక్కిలి అరుదు. చేతి వ్రేళ్ళతో చేయు ఈ పరీక్ష వలన ఎందరికో అనవసరమైన ఖర్చు తప్పినది. ఇట్టి పరీక్షలను విద్యార్థి ఒకసారి చదివి విడువడు. తోటి విద్యార్థుల దేహములపై పదేపదే అభ్యసించును.

రెండవది తలకు తగిలిన దెబ్బ. తల బలముగా అదిరినపుడు లోనున్న మెదడు కూడ అదరును. రక్తము రాకపోవచ్చును, స్పృహ తప్పకపోవచ్చును. ఆటగాడు తనకేమియు కాలేదనియే చెప్పును. కాని అతని చూపు మసకబారును, అడుగు తడబడును, అడిగిన ప్రశ్ననే మరల అడుగును. అట్టివానిని ఆనాడు తిరిగి ఆటలోనికి పంపరాదు. మొదటి దెబ్బ మానకమునుపే రెండవది తగిలిన యెడల అది ప్రాణాంతకము కావచ్చును. 2006లో వాషింగ్టన్ రాష్ట్రమున జాకరీ లిస్టెట్ అను పదుమూడేండ్ల బాలుడు తలకు దెబ్బ తగిలిన పిమ్మట మరల ఫుట్‌బాల్ ఆడి, తీవ్రమైన మెదడు గాయమునకు గురియయ్యెను. 2009లో ఆ రాష్ట్రము అతని పేరిట ఒక చట్టమును చేసినది. అనుమానము కలిగిన వెంటనే ఆటనుండి తొలగింపవలెననియు, అర్హుడైన ఆరోగ్య సేవకుడు వ్రాతపూర్వకముగా అనుమతించు వరకు ఆడనీయరాదనియు ఆ చట్టము శాసించుచున్నది. కొద్ది యేండ్లలోనే తక్కిన రాష్ట్రములును అట్టి చట్టములను చేసినవి. క్రికెట్టులోను 2019 నుండి తలకు దెబ్బ తగిలిన ఆటగానికి బదులు మరియొకని నిలుపుటకు అంతర్జాతీయ నియమము అంగీకరించుచున్నది.

మూడవది వడదెబ్బ. ఎండకాలమున మన ప్రాంతములలో వడదెబ్బ వృద్ధులకే తగులునని చాలమంది తలంతురు. అది సరికాదు. తీవ్రమైన శ్రమ చేయు బలవంతుడైన యువకుని దేహమునందు లోపలినుండియే వేడి పుట్టును. దేహోష్ణము 40.5 సెంటిగ్రేడు డిగ్రీలను మించి, మాట తత్తరపడి, ప్రవర్తన మారినచో అది ప్రాణాపాయ స్థితి. 2001 ఆగస్టులో కోరీ స్ట్రింగర్ అను ప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు అభ్యాస సమయమున వడదెబ్బ తగిలి మరణించెను. అతని పేరిట 2010లో కనెక్టికట్ విశ్వవిద్యాలయమున ఒక పరిశోధన సంస్థ వెలసినది.

దీనికి చికిత్స సులభమైనది, కాని ఆలస్యమును సహింపనిది. పెద్ద తొట్టిలో మంచునీరు నింపి రోగిని మెడవరకు ముంచి, తల పైకి నిలిపి పట్టుకొనవలెను. దేహోష్ణము 38.9 డిగ్రీలకు దిగువరకు ఉంచి, పిమ్మటనే ఆసుపత్రికి తరలింపవలెను. ముందు చల్లబరచుట, తరువాత తరలించుట యనునది ఈ విద్యలోని ముఖ్య సూత్రము. అమెరికాలోని ఫాల్‌మత్ పట్టణమున ఏటేట జరుగు పరుగు పందెమున పదునెనిమిదేండ్లలో 274 మందికి ఇట్టి వడదెబ్బ తగిలెను. అచ్చటనే మంచునీట ముంచి చల్లబరచుటచే వారిలో ఒక్కరును మరణింపలేదు.

నాలుగవది గుండె ఆగుట. 2023 జనవరి 2వ తేదీన సిన్సినాటి నగరమున జరిగిన ఫుట్‌బాల్ పోటీలో డామర్ హామ్లిన్ అను ఇరువదినాలుగేండ్ల ఆటగాడు ఎదుటివానిని ఢీకొని, లేచి నిలిచి, మరుక్షణమే కుప్పకూలెను. అతని గుండె ఆగినది. జట్టు సహాయ అథ్లెటిక్ ట్రైనరు డెన్నీ కెల్లింగ్టన్ తక్షణమే రొమ్మును నొక్కుచు సి.పి.ఆర్. ప్రారంభించెను. విద్యుదాఘాతముచే గుండెను తిరిగి కొట్టుకొనునట్లు చేయు ఎ.ఇ.డి. యంత్రమును గూడ వెంటనే వినియోగించిరి. హామ్లిన్ బ్రతికెను, అదే సంవత్సరము తిరిగి ఆడెను. మన పొరుగుననున్న బంగ్లాదేశములోను 2025 మార్చి 24వ తేదీన క్రికెట్ క్రీడాకారుడు తమీమ్ ఇక్బాల్‌కు పోటీ జరుగుచున్న దినముననే గుండెపోటు వచ్చెను. ఆసుపత్రి చేరులోపల జట్టు ట్రైనరు రొమ్మును నొక్కుచు అతని ప్రాణమును నిలిపెను. గుండె ఆగిన పిమ్మట చికిత్స లేక గడచు ప్రతి నిమిషమునకును బ్రతుకు అవకాశము నూటికి ఏడు మొదలు పది వంతుల వరకు తగ్గును. ఇట్టి సమయమున పుస్తకము తెరచి చూచుటకు వీలులేదు. చేతులకే ఆ విద్య అలవడి యుండవలెను.

ఆచరణ శిక్షణ

కావుననే ఈ కోర్సులో చదువు తరగతిలోనే కాక ఆటస్థలమునను, చికిత్సాలయమునను కూడ జరుగును. విద్యార్థి ధ్రువపత్రము పొందిన గురువు యొక్క పర్యవేక్షణలో పాఠశాల జట్లతోను, విశ్వవిద్యాలయ జట్లతోను, వైద్యుల వద్దను పనిచేయును. కనీసము ఒక పర్యాయము వరుసగా నాలుగు వారములు పూర్తికాలము ఇట్టి పనిలోనే నిమగ్నుడై యుండవలెను. ఉదయము కట్లు కట్టుట, మధ్యాహ్నము పాత గాయములకు అభ్యాసములు చేయించుట, సాయంకాలము ఆట ముగియువరకు గట్టుపై నిలిచి కనిపెట్టుట, రాత్రి వివరములు వ్రాయుట – ఇది వారి దినచర్య. ఆటలో జయము కలిగినపుడు కేకలు వేయుటకు గాని, ఆటను వినోదముగా చూచుటకు గాని వారికి తీరిక యుండదు. అందరి కన్నులు బంతిపై నుండగా, వీరి కన్నులు క్రిందపడిన వానిపై నుండును.

పోటీకి ముందే ప్రమాద సమయ ప్రణాళికను వ్రాసియుంచుట వీరు నేర్చు మరియొక పాఠము. అంబులెన్సు ఏ ద్వారమున రావలెను, ఆ ద్వారపు తాళపుచెవి ఎవరివద్ద నున్నది, యంత్రము ఎచ్చట నున్నది, ఆసుపత్రికి ఎవరు ఫోను చేయవలెను అను విషయములు ముందే నిశ్చయింపబడవలెను. ఆపద సమయమున తాళము కొరకు వెదకుచు కోల్పోవు అయిదు నిమిషములు ఒక ప్రాణమునకు సమానము.

పరీక్ష, ధ్రువపత్రము, లైసెన్సు

విద్య ముగించినవారు బోర్డ్ ఆఫ్ సర్టిఫికేషన్ అను స్వతంత్ర సంస్థ నిర్వహించు జాతీయ పరీక్షకు కూర్చుందురు. అపాయములను తగ్గించి ఆరోగ్యావగాహన కలిగించుట, గాయములను పరీక్షించి గుర్తించుట, ఆపత్సమయ నిర్వహణ, చికిత్స, కార్యనిర్వహణ మరియు వృత్తిధర్మము అను అయిదు విభాగములందు ప్రశ్న లుండును. ఉత్తీర్ణులు ఎ.టి.సి. అను అక్షరములను తమ పేరు ప్రక్కన వ్రాసికొనవచ్చును.

అంతటితో కర్తవ్యము ముగియదు. పనిచేయదలచిన రాష్ట్రపు లైసెన్సును వేరుగా పొందవలెను. దాదాపు అన్ని రాష్ట్రములలోను ఇట్టి నియమము కలదు. ధ్రువపత్రమును నిలుపుకొనుటకు ప్రతి రెండేండ్లకు నిర్ణీతమైన మేరకు విద్యను కొనసాగింపవలెను. గుండె ఆగిన వారికి చేయు అత్యవసర చికిత్సలో శిక్షణను ఎడతెగక నవీకరించుకొనవలెను. పది యేండ్ల క్రిందట నేర్చినది నేడు పొరపాటు కావచ్చును. వైద్యశాస్త్రము కదలుచుండును, ఆరోగ్య సేవకుడును దానితో కదలవలెను.

పత్రము చాలదు, ధైర్యము కావలెను

పరీక్షలో నెగ్గినంత మాత్రమున ఆటగాండ్రు క్షేమముగా నుందురని తలంపరాదు. 2018 మే నెలలో మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులోని జోర్డన్ మెక్‌నెయిర్ అను పంతొమ్మిదేండ్ల యువకునకు అభ్యాసమున వడదెబ్బ తగిలెను. శిక్షితులైన సిబ్బంది అచ్చట నుండిరి. అయినను లక్షణములను సకాలమున గుర్తింపలేదనియు, చల్లని నీట ముంచలేదనియు పిమ్మట జరిగిన స్వతంత్ర విచారణలో తేలెను. రెండు వారములకు ఆ యువకుడు మరణించెను. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు సంస్థ తరపున బాధ్యతను బహిరంగముగా అంగీకరించెను. తెలిసిన విద్య సమయమునకు చేతికి రాకున్న యెడల అది తెలియని దానితో సమానమేయని ఈ దుర్ఘటన చాటుచున్నది.

ఇందు మరియొక చిక్కు కలదు. జట్టు గెలువవలెనని కోచ్ కోరును. ఆడవలెనని ఆటగాడు పట్టుపట్టును. ప్రేక్షకులు కేకలు వేయుదురు. ఇట్టి సమయమున “ఇతడు నేడు ఆడరాదు” అని చెప్పగల వ్యక్తి ఒకడు ఉండవలెను. ఆ మాటకు ఎదురు ఉండరాదు. ఆరోగ్య విషయమున తుది నిర్ణయము కోచ్‌ది కాక వైద్యునిదియు, అథ్లెటిక్ ట్రైనరుదియే కావలెనని 2016లో అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయ క్రీడాసమూహములు నియమమును చేసినవి. విద్యార్థులకు వృత్తిధర్మమును ఒక ప్రత్యేక విషయముగా బోధించుటకు కారణ మిదియే. కట్టు కట్టుట కొద్ది దినములలో నేర్వవచ్చును. అందరికిని అప్రియమైన సత్యమును నిదానముగా పలుకుట నేర్చుటకు చాలకాలము పట్టును.

మన దేశమున ఈ పని చేయువారు

మన దేశమున అథ్లెటిక్ ట్రైనరు అను పేరుతో అమెరికాలో వలె ప్రత్యేక లైసెన్సు లేదు. ఇచ్చట ఈ బాధ్యతను ముఖ్యముగా ఫిజియోథెరపిస్టులును, క్రీడావైద్యులును వహించుచున్నారు. కావున మన విద్యార్థులకు సమీపమైన మార్గము ఫిజియోథెరపీ. ఇంటర్మీడియెట్టులో జీవశాస్త్రము, భౌతిక శాస్త్రము, రసాయన శాస్త్రము చదివినవారు బి.పి.టి. కోర్సులో చేరవచ్చును. ఇందు నాలుగేండ్ల పాఠములును, పిమ్మట ఇంటర్న్‌షిప్పును ఉండును. ఆంధ్రప్రదేశమున ఈ కళాశాలలు విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమునకును, తెలంగాణమున వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమునకును అనుబంధములు. హైదరాబాదులోని నిమ్స్ సంస్థయందును ఈ కోర్సు కలదు. బి.పి.టి. ముగించినవారు రెండేండ్ల ఎం.పి.టి.లో క్రీడా విభాగమును ఎన్నుకొనవచ్చును. అమృతసర్‌లోని గురు నానక్ దేవ్ విశ్వవిద్యాలయము ఈ విభాగమునకు పేరుగన్నది. ఎం.బి.బి.ఎస్. చదివినవారికి క్రీడావైద్యమున ఎం.డి. పట్టము కలదు. 1961లో పాటియాలాలో స్థాపింపబడిన జాతీయ క్రీడా సంస్థ కోచ్‌ల శిక్షణకు ప్రసిద్ధమైనది.

2021లో పార్లమెంటు వైద్యానుబంధ వృత్తుల జాతీయ కమిషన్ చట్టమును ఆమోదించినది. ఫిజియోథెరపీ మొదలగు వృత్తుల విద్యకును, నమోదునకును దేశమంతటికి ఒకే ప్రమాణమును ఏర్పరచుట దాని లక్ష్యము. ప్రవేశ నియమములును, కాలపరిమితియు ఈ చట్టము ననుసరించి మారుచుండును గనుక, చేరదలచినవారు ఆ యేటి ప్రకటనను చూచియే నిశ్చయించుకొనవలెను.

గాయము తరువాత సరియైన చికిత్సయు, ఓర్పుగల అభ్యాసమును ఎంతటి మేలు చేయగలవో తెలుగువారికి ఒక ఉదాహరణము చాలును. పుల్లెల గోపీచంద్ 1994లో మోకాటికి తీవ్రమైన గాయము తగిలి, శస్త్రచికిత్సలు చేయించుకొనవలసి వచ్చెను. అంతటితో ఆట ముగిసినదని తలంచుటకు తగిన గాయ మది. కాని 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీలో విజేతగా నిలిచెను. మోకాటి బంధము తెగి శస్త్రచికిత్స జరిగినవారు కనీసము తొమ్మిది నెలలు ఆగి, బలమును పరీక్షించుకొని తిరిగి ఆడుట మేలని నేటి శాస్త్రము చెప్పుచున్నది. తొందరపడి ముందుగా ఆడినవారికి మరల గాయమగు అపాయము హెచ్చు.

విదేశమున చదువగోరు వారికి

అమెరికాలో ఈ విద్యను అభ్యసింపగోరు తెలుగు విద్యార్థులు కొన్ని విషయములను ముందే విచారింపవలెను. మొదటిది, కోర్సునకు అథ్లెటిక్ ట్రైనింగ్ విద్యా గుర్తింపు కమిషన్ యొక్క అనుమతి కలదా యనునది. వ్యాయామ శాస్త్రము, క్రీడా నిర్వహణ మొదలగు పేర్లతో అనేక పట్టము లున్నవి. అవి మంచివే కావచ్చును. కాని ధ్రువీకరణ పరీక్షకు అవి అర్హతను ఈయవు. పేరును చూచి మోసపోయి, రెండేండ్ల కాలమును, తల్లిదండ్రుల ధనమును వెచ్చించిన పిదప ఈ సంగతి తెలిసికొనుట శోచనీయము. రెండవది, మన పట్టము వారి పూర్వవిద్యా నియమములకు సరిపోవునా యనునది. దీనిని మధ్యవర్తుల మాటపై నమ్మక, విశ్వవిద్యాలయమునే వ్రాతపూర్వకముగా అడుగవలెను. మూడవది, చదువు ముగిసిన పిమ్మట ఎచ్చట పనిచేయుదుమను ఆలోచన. అమెరికా ధ్రువపత్రము మన దేశమున ఫిజియోథెరపిస్టుగా పనిచేయుటకు అనుమతి కాదు.

ఎవరికి ఈ విద్య తగును? గొప్ప ఆటగాడై యుండవలసిన పనిలేదు. రక్తమును చూచి బెదరని మనస్సు, ఎండలోను వానలోను నిలువగల ఓపిక, సెలవుదినములలోను పనిచేయు సంసిద్ధత, బాధపడువానితో మెత్తగా మాటలాడు స్వభావము కావలెను. కీర్తి ఆటగానికి దక్కును. ఇతని పేరు పత్రికలలో కనబడదు. ఒక ఋతువంతయు ఎవరికిని అపాయము కలుగక గడచినచో అదియే ఇతని విజయము.

ప్రతి ఆటస్థలమునకును

ప్రతి గ్రామమునను శిక్షితుడైన ఆరోగ్య సేవకుడు ఏర్పడుటకు కాలము పట్టును. అంతవరకు పాఠశాలల పెద్దలును, యువజన సంఘములును ఈ క్రింది ఏర్పాట్లను చేసికొనవచ్చును. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

1. పోటీ జరుగుచోట ఇద్దరికి తక్కువ కాకుండ సి.పి.ఆర్. నేర్చియుండవలెను. పెద్దవారి రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు, అయిదారు సెంటిమీటర్ల లోతునకు నొక్కవలెను.

2. తలకు దెబ్బ తగిలి తడబడువానిని ఆనాడు మరల ఆడనీయరాదు. వాంతులు, మగత, హెచ్చుచున్న తలనొప్పి కనబడినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

3. ఎండకాలపు పోటీలను ఉదయమునను, సాయంకాలమునను జరుపవలెను. నీడను, త్రాగునీటిని, పెద్ద తొట్టిని, మంచుగడ్డలను సిద్ధముగా నుంచవలెను. వడదెబ్బ తగిలినవానిని ముందు చల్లబరచవలెను.

4. బెణికిన కీలును లాగరాదు, మర్దింపరాదు. బట్టలో చుట్టిన మంచుగడ్డను పెట్టి, కదలకుండ కట్టి, ఎత్తున నుంచి, వైద్యునికి చూపవలెను. మెడకుగాని వెన్నెముకకుగాని దెబ్బ తగిలినదను అనుమాన మున్నచో, సహాయము వచ్చువరకు రోగిని కదల్పరాదు.

5. 108, 112 సంఖ్యలను అందరికిని కనబడునట్లు వ్రాసియుంచవలెను. వాహనము వచ్చు దారిని అడ్డములు లేకుండ ఉంచవలెను.

పిల్లలకు గాయము తగులునను భయముచే వారిని ఆటలకు దూరము చేయుట మంచిది కాదు. ఆటలు మానిన దేహమునకు కలుగు రోగములు ఆటల గాయములకంటె ఎక్కువ. పిల్లలను ఆడనిండు, వారు ఆడుచుండగా కనిపెట్టియుండుటకు తెలిసినవారిని నియమింపుడు. మీ గ్రామమున చదువుకొను యువతీయువకులలో ఒక్కరైనను ఈ విద్యను ఎన్నుకొనునట్లు ప్రోత్సహింపుడు. బంతికి ఎందరో కాపలా యుందురు. దానివెంట పరుగెత్తు బిడ్డకును ఒకరు కావలియుండుట సమాజము యొక్క విధి.